నాణెం తిరగబడ్డ గుర్రం: సెక్రటేరియట్ పరుగు, సంతానం

1969వ సంవత్సరం శరత్కాలంలో న్యూయార్కులో ఇద్దరు గుర్రాల యజమానులు ఒక నాణెం ఎగురవేయించారు. ఒకరు పెన్నీ చెనరీ. వర్జీనియా రాష్ట్రంలో మెడో అనే అశ్వక్షేత్రాన్ని జబ్బుపడిన తండ్రి తరఫున ఆమె చూచుకొంటున్నది. రెండవవారు ఆగ్డెన్ ఫిప్స్. ఫిప్స్ కుటుంబం వద్ద బోల్డ్ రూలర్ అనే పేరుమోసిన మగ గుర్రం ఉన్నది. మెడోవారు వరుసగా రెండేళ్లపాటు ఏటా రెండు ఆడ గుర్రాలను దాని వద్దకు పంపాలనీ, రొక్కం ఇవ్వనక్కరలేకుండా పుట్టిన పిల్లలను ఇరువురూ పంచుకోవాలనీ ఒడంబడిక. నాణెం గెలిచినవారు మొదటి ఏటి పిల్లలలో నచ్చినదానిని ముందుగా ఎంచుకోవచ్చు. ఓడినవారికి రెండవ ఏట ఆ హక్కు వస్తుంది.

అయితే రెండవ ఏడు పంపిన రెండు ఆడ గుర్రాలలో ఒకదానికి చూలు నిలవలేదు. కాబట్టి గెలిచినవారికి మొత్తం మీద దక్కేది ఒక్క పిల్లే, ఓడినవారికి రెండు! ఇలాంటి నాణెం గెలవాలని ఎవరు కోరుకొంటారు? ఫిప్స్ గెలిచాడు. సంథింగ్‌రాయల్ అనే ఆడ గుర్రానికి అప్పటికే పుట్టిన ఆడపిల్లను తీసుకొన్నాడు. దానికి ద బ్రైడ్ అని పేరు. ఓడిన చెనరీకి మొదటి ఏటి రెండవ పిల్ల, దానితోపాటు సంథింగ్‌రాయల్ కడుపులో ఇంకా పెరుగుతున్న పిల్ల మిగిలాయి. ఆ కడుపులోని పిల్ల 1970 మార్చి 30న పుట్టింది. రాగివన్నె ఒళ్లు, నుదుట తెల్లని చుక్క, మూడు తెల్లకాళ్లు. దాని పేరే సెక్రటేరియట్. (అంటే మన భాషలో సచివాలయమే! అంతకుముందు పంపిన పేర్లను గుర్రాల పేర్లు నమోదుచేసే సంస్థ కాదన్నది. మెడో కార్యదర్శిని ఒకప్పుడు జెనీవాలో నానాజాతి సమితి సచివాలయంలో పనిచేసింది. ఈ పేరు సూచించింది ఆమే.)

ఇప్పుడు అసలు సంగతి. ద బ్రైడ్, సెక్రటేరియట్ ఒకే తల్లికి, ఒకే తండ్రికి పుట్టిన తోబుట్టువులు. వాటి మధ్య ఎడం ఒక్క ఏడాది. తమ్ముడు ప్రపంచంలోని అతి వేగవంతమైన పందెపు గుర్రాలలో ఒకటిగా లెక్కకెక్కాడు. అక్క నాలుగు పందేలు పరుగెత్తింది, ఒక్కటీ గెలవలేదు. మంచి రక్తమే పరుగుకు కారణమైతే ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది? తమ్ముడి వేగం అతని పిల్లలకు వస్తుందని ఎవరైనా ముందుగా చెప్పగలరా? చెప్పగలమనుకొని కొందరు లక్షల డాలర్లు ఒడ్డారు. ఆ లెక్క ఎక్కడ సరిపోయిందో, ఎక్కడ తప్పిందో చూస్తే తరగతిలో మనం చెప్పే వంశపారంపర్య సూత్రాలకు ప్రాణం వచ్చినట్లుంటుంది.

ముందుగా జాతిని గురించి రెండు మాటలు. ఈ పందెపు గుర్రాలను థరోబ్రెడ్ జాతి అంటారు. ఇంగ్లండులో సుమారు మూడు వందల ఏళ్ల క్రిందట తూర్పు దేశాలనుంచి తెచ్చిన మగ గుర్రాలను అక్కడి ఆడ గుర్రాలతో జతకట్టించి ఈ జాతిని తయారుచేశారు. నేటి థరోబ్రెడ్ మగ గుర్రాలన్నీ తండ్రి, తాత, ముత్తాత వరుసలో బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే మూడింటిలో ఏదో ఒకదానికి చేరుతాయి. వాటిలోనూ నూటికి 95 డార్లీ అరేబియన్ వంశమే. వంశావళి గ్రంథం 1791లోనే అచ్చయింది. నాటినుంచి ప్రతి పిల్ల తల్లీ తండ్రీ నమోదవుతూనే ఉన్నారు. మన ఒంగోలు పశువులకైనా ఇంత పొడవైన లిఖిత వంశవృక్షం లేదు. ఈ జాతిలో కృత్రిమ గర్భధారణ నిషిద్ధం కూడాను. ఆడ గుర్రాన్ని మగదాని వద్దకు తీసుకొనిపోవలసిందే. పదకొండు నెలలు మోసి ఏటికి ఒక్క పిల్లను కంటుంది. కాబట్టి ఒక మగ గుర్రం పోతుగా ఎంత సమర్థమో తేలడానికి పదేళ్లు, ఇరవయ్యేళ్లు పడుతుంది. పరుగు సమర్థత రెండున్నర నిమిషాల్లో తేలిపోతుంది. ఈ రెండు గడియారాలకూ పొంతన లేదు.

మెండెల్ బఠాణీలలో చూచినది గుర్రం ఒంటి మీదనే చూపవచ్చు. సెక్రటేరియట్ రాగివన్నె అని చెప్పాను. తండ్రి బోల్డ్ రూలర్ ముదురు గోధుమరంగు గుర్రం. తల్లి సంథింగ్‌రాయల్‌దీ గోధుమరంగే. జూలు, తోక మాత్రం నల్లన. నల్లని వర్ణకాన్ని తయారుచేయించే జన్యువుకు రెండు రూపాలున్నాయి. ఒకటి బహిర్గతం, దానిని పెద్ద ఇ అందాము. రెండవది అంతర్గతం, చిన్న ఇ. రెండూ చిన్నవే చేరితే నల్లని వర్ణకం వెంట్రుకలలోకి రాదు, ఒళ్లు, జూలు, తోక అంతా రాగివన్నెగానే ఉంటుంది. ఈ తేడా ఏ జన్యువులో ఉన్నదో 1996లో స్వీడన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. రాగివన్నె పిల్ల పుట్టిందంటే తల్లీ తండ్రీ ఇద్దరూ పైకి కనిపించని చిన్న ఇ ఒక్కొక్కటి దాచుకొని ఉండాలి. అలాంటి జంటకు పుట్టే పిల్ల రాగివన్నె కావడానికి నాలుగింట ఒక పాలు అవకాశం. నాణెం రెండుసార్లు ఎగురవేస్తే రెండుసార్లూ బొరుసు పడినట్లు. పెన్నీ చెనరీ నాణెం ఎగురవేసేనాటికి ఈ రెండు నాణేలు కడుపులో ఎప్పుడో పడిపోయినవి.

రంగు ఒక్క జన్యువుతో తేలిపోతుంది. పరుగు అలా కాదు. గుర్రానికి 64 క్రోమోసోములు, అంటే 32 జతలు. ప్రతి వీర్యకణంలోకీ, ప్రతి అండంలోకీ జతకు ఒకటి చొప్పున 32 వెళ్తాయి. ఏ జతలోనుంచి ఏది వెళ్తుందన్నది యాదృచ్ఛికం. విద్యార్థులు రెండును 32 సార్లు హెచ్చవేసి చూడండి: 429 కోట్లకు పైగా వస్తుంది. ఒక తండ్రి ఇన్ని రకాల వీర్యకణాలు ఇవ్వగలడు. తల్లి అన్ని రకాల అండాలు ఇవ్వగలదు. పైగా జతలోని క్రోమోసోములు తమలో తాము ముక్కలు మార్చుకొంటాయి, అది వేరే లెక్క. కాబట్టి తోబుట్టువులకు సగటున సగం జన్యువులు మాత్రమే ఉమ్మడి. అక్కకూ తమ్ముడికీ తేడా రావడం వింత కాదు, రాకపోతేనే వింత. పేకముక్కలు అవే అయినా, కలిపి మళ్లీ పంచితే చేతికి అదే ఆట పడుతుందా?

ఇక ఆ గుర్రం పరుగు చూద్దాం. 1972 జూలై 4న మొదటి పందెంలో ఇతర గుర్రాలు తగిలి తడబడి నాల్గవదిగా వచ్చింది. తరువాత ఆ ఏడు ఎనిమిది పందేలలో ఏడు గెలిచింది. మిగిలిన దానిలోనూ ముందుగా గీత దాటినదే గాని, దారిలో మరొక గుర్రానికి అడ్డు వచ్చిందని రెండవ స్థానానికి దించారు. రెండేళ్ల గుర్రాన్ని ఆ సంవత్సరపు మేటి గుర్రంగా ఎన్నుకోవడం చాలా అరుదు. దీనిని ఎన్నుకొన్నారు.

అయినా తెలిసినవారికి ఒక అనుమానం. బోల్డ్ రూలర్ పిల్లలు మైలు, మహా అయితే మైలుకు కాస్త పైన వేగంగా పరుగెత్తుతాయి. దూరం పెరిగితే దమ్ము చాలదని ప్రతీతి. ఒకటిన్నర మైలు పందెంలో ఇది నిలవదని వంశవృక్షం చూచి చాలామంది తేల్చారు. 1973 ఏప్రిల్‌లో వుడ్ మెమోరియల్ అనే పందెంలో మూడవదిగా రావడంతో ఆ మాట మరింత బలపడింది. ఆనాడు దాని నోట్లో కురుపు ఉన్నది. కళ్లెం లాగితే నొప్పి. కురుపు సంగతి బయటివారికి తెలియదు, దమ్ము చాలదన్న మాట మాత్రం అందరికీ తెలుసు.

మే 5న కెంటకీ డర్బీ. దూరం ఒకటింబావు మైలు. సెక్రటేరియట్ 1 నిమిషం 59.4 సెకన్లలో ముగించింది. అంతకంటె గొప్ప విషయం ఆ కాలంలోని పావుమైళ్ల విభజన: 25.2, 24, 23.8, 23.4, 23 సెకన్లు. కూడి చూడండి, 119.4 వస్తుంది. ఏ జీవి అయినా పరుగు చివరకు అలసి నెమ్మదిస్తుంది. ఇది ప్రతి పావుమైలుకూ వేగం పెంచుకొంటూ పోయింది! రెండు వారాల తరువాత ప్రీక్‌నెస్ గెలిచింది. ఆనాడు విద్యుత్ గడియారం తప్పు చూపింది. చేతి గడియారాలవారు మరొకటి చెప్పారు. ఆ తగవు తీరడానికి 39 ఏళ్లు పట్టింది. 2012లో పాత ఫిల్ములు పరీక్షించి 1 నిమిషం 53 సెకన్లని మేరీలాండ్ పందేల సంఘం నిర్ణయించింది.

జూన్ 9న బెల్‌మాంట్. ఒకటిన్నర మైలు, అంటే 2,414 మీటర్లు. ఇక్కడే దమ్ము సంగతి తేలాలి. ఐదు గుర్రాలే దిగాయి. షామ్ అనే గట్టి ప్రత్యర్థితో కలిసి సెక్రటేరియట్ మొదటి అరమైలును 46.2 సెకన్లలో దాటింది. ఒకటిన్నర మైలు పందెంలో ఇది ఆత్మహత్య వంటి వేగం. షామ్ నిజంగానే కూలబడి చివరిదిగా వచ్చింది. సెక్రటేరియట్ మాత్రం ఆగలేదు. జాకీ రాన్ టర్కాట్ కొరడా ఎత్తనక్కరలేకుండానే రెండవ గుర్రం కంటె 31 గుర్రాల నిడివి ముందుగా గీత దాటింది. నిడివి ఎనిమిది అడుగులనుకొంటే 75 మీటర్ల ఎడం. కాలం 2 నిమిషాల 24 సెకన్లు. పాత రికార్డు కంటె 2.6 సెకన్లు తక్కువ. సగటు వేగం గంటకు 60 కిలోమీటర్లు. ఈ మూడు పందేలూ ఒకే ఏడు గెలవడం 1948 తరువాత అదే మొదలు. మూడింటిలోనూ దాని కాలాలను 2023 నాటికి, అంటే యాభై ఏళ్ల తరువాత కూడా మరే గుర్రమూ దాటలేదు. ఆ రోజు దానిపై డబ్బు కాసినవారికి రెండు డాలర్లకు రెండు డాలర్ల ఇరవై సెంట్లు వచ్చేవి. కాని 5,617 మంది ఆ చీటీలు మార్చుకోకుండా గురుతుగా దాచుకొన్నారు. జూదానికి ఇంతకంటె మంచి ముగింపు నేను వినలేదు.

ఓడలేదా అంటే, ఓడింది. ఆ తరువాత ఆగస్టులో ఆనియన్ చేతిలో, సెప్టెంబరులో ప్రూవ్ అవుట్ చేతిలో. మొత్తం 21 పందేలలో 16 గెలుపులు. అక్టోబరు 28న కెనడాలో చివరి పందెం గెలిచి విరమించింది.

అంత పరుగుకు ఒంట్లో ఏ ఏర్పాటు కావాలి? పరుగెత్తే కండరానికి ప్రాణవాయువు కావాలి. దానిని మోసేది రక్తం, రక్తాన్ని తోడేది గుండె. నిలబడి ఉన్న గుర్రం గుండె నిమిషానికి 30 నుంచి 40 సార్లు కొట్టుకొంటుంది. పూర్తి వేగంలో 220 దాటుతుంది. అప్పుడు నిమిషానికి 200 లీటర్లకు పైగా రక్తం తోడుతుంది. మన ఇళ్లలోని నీళ్ల బిందెలు పదింటికి తక్కువ కాదు! గుర్రానికి ప్లీహం మరొక నిధి. విశ్రాంతిలో ఎర్రకణాలను అందులో దాచుకొని, పరుగు మొదలు కాగానే పిండి రక్తంలోకి వదులుతుంది. మానవ క్రీడాకారుడు మందులతో దొంగచాటుగా చేసే పనిని గుర్రం స్వభావసిద్ధంగా చేసుకొంటుంది. ఊపిరి కూడా అడుగుతో కలిసి నడుస్తుంది. దౌడులో ఒక అంగకు ఒక శ్వాస. సెక్రటేరియట్ అంగ పొడవు సుమారు 25 అడుగులు, అంటే 7.6 మీటర్లు. బెల్‌మాంట్ సగటు వేగాన్ని దీనితో భాగిస్తే సెకనుకు రెండు అంగలకు పైన, నిమిషానికి 130కి పైన శ్వాసలు వస్తాయి. ఉపాధ్యాయులు ఈ లెక్కను బల్లమీద చేయించవచ్చు.

బెల్‌మాంట్‌కు నాలుగు నెలల ముందే, 1973 ఫిబ్రవరిలో, దాని సంతానాన్ని అమ్మివేశారు! జనవరిలో పెన్నీ తండ్రి చనిపోయాడు. వారసత్వపు పన్ను కట్టాలి. కెంటకీలోని క్లైబోర్న్ క్షేత్రపు యువ యజమాని సెత్ హాన్‌కాక్ గుర్రాన్ని 32 వాటాలు చేశాడు. వాటా లక్షా 90 వేల డాలర్లు. మొత్తం 60 లక్షల 80 వేలు. అప్పటికి ప్రపంచంలో ఏ గుర్రానికీ అంత ధర పలకలేదు. వాటాదారు ఏటా ఒక ఆడ గుర్రాన్ని దాని వద్దకు పంపవచ్చు. మూడవ ఏటితో పరుగు మాన్పించాలని షరతు. వాటాలు ముప్ఫై రెండు, క్రోమోసోముల జతలు ముప్ఫై రెండు కావడం కాకతాళీయమే. కాని కొన్నవారు ఒక సంగతి మరచారనిపిస్తుంది. వారు కొన్నది కళ్లముందు పరుగెత్తే గుర్రాన్ని. పిల్లలకు చేరేది ఆ గుర్రం కాదు, అందులోని ముక్కలలో సగం, అదీ కలిపి పంచినవి.

మొదట్లోనే భయం పుట్టింది. 1973 చివర పరీక్షించినప్పుడు దాని వీర్యంలో అపరిపక్వ కణాలు కనబడ్డాయి. నమ్మకం చిక్కడానికి మచ్చల జాతి ఆడ గుర్రాలను కట్టించి చూచారు. వాటిలో లియోలా అనే దానికి 1974 నవంబరులో మొదటి పిల్ల పుట్టింది. వెనుక భాగంలో తల్లి మచ్చలు, నుదుట తండ్రి చుక్క, తండ్రివే మూడు తెల్లకాళ్లు! జన్యువుల పంపకం ఇంత ముచ్చటగా ఒంటిమీద అచ్చుపడడం అరుదు.

తరువాత థరోబ్రెడ్ పిల్లలు వచ్చాయి. 1976లో దాని మొదటి కాన్పు పిల్లలలో ఒకదానిని, కెనేడియన్ బౌండ్ అనేదానిని, వేలంలో 15 లక్షల డాలర్లకు కొన్నారు. బహిరంగ వేలంలో ఏడాది పిల్లకు పది లక్షలు దాటడం అదే మొదటిసారి. అది ఒక్క పందెమూ గెలవలేదు. మొత్తం 650కి పైగా పిల్లలలో పేరున్న పందేలు గెలిచినవి యాభైకి పైగా ఉన్నాయి. 1986లో ఆ ఏటి మేటి గుర్రంగా ఎన్నికైన లేడీస్ సీక్రెట్, 1988లో ప్రీక్‌నెస్, బెల్‌మాంట్ గెలిచిన రైజెన్ స్టార్ వాటిలోవే. ఏ ఇతర గుర్రానికైనా ఇది గౌరవప్రదమైన లెక్క. కాని జనం ఎదురుచూచినది మరొక సెక్రటేరియట్ కోసం. అది రాలేదు. పత్రికలు ‘విఫలమైన పోతు’ అన్నాయి. ఈ మాట అన్యాయమని నా అభిప్రాయం. తప్పు గుర్రానిది కాదు, ఎదురుచూచినవారి లెక్కది.

ఆ లెక్క ఇలా ఉంటుంది. 1988లో డబ్లిన్‌లో గాఫ్నీ, కన్నింగ్‌హామ్ అనే శాస్త్రజ్ఞులు వేల గుర్రాల సామర్థ్యాన్ని పరిశీలించి, గుర్రానికీ గుర్రానికీ ఉండే తేడాలో సుమారు మూడో వంతు మాత్రమే పిల్లలకు అందే జన్యువుల వలన వస్తుందని చెప్పారు. తక్కినది మేత, శిక్షణ, జాకీ, నేల, ఆరోగ్యం, అదృష్టం, ఇంకా మళ్లీ అదే విధంగా కలవని జన్యువుల కూర్పు. ఊహ కోసం జాతి సగటును సున్న అనుకొందాము. తండ్రి దానికంటె 40 పాళ్లు మేలు, తల్లి 10 పాళ్లు మేలు అనుకోండి. ఇద్దరి సగటు 25. అందులో మూడో వంతు, అంటే ఎనిమిది పాళ్లే, పిల్లల సగటు మేలు. సగటుకంటె మంచివే, తండ్రికి చాలా దిగువ. తల్లిదండ్రులు ఎంత అసామాన్యులైతే పిల్లలు అంతగా సగటు వైపు జరుగుతారని పందొమ్మిదవ శతాబ్దంలోనే గాల్టన్ మనుషుల ఎత్తు కొలిచి చూపాడు. ఊళ్లో ఆబోతును ఎంచుకొనే రైతుకు ఇది అనుభవంలో తెలిసినదే. ఒక్క దూడను చూచి ఆబోతుకు పేరు పెట్టడు. పది దూడలు చూస్తాడు.

కుమారులలో తండ్రి పేరు నిలిపే పోతు అమెరికాలో రాలేదు. కుమార్తెల సంగతి వేరు. వీకెండ్ సర్‌ప్రైజ్ అనే కుమార్తెకు సమ్మర్ స్క్వాల్, ఎ.పి. ఇండీ పుట్టాయి. మొదటిది 1990 ప్రీక్‌నెస్ గెలిచింది. రెండవది 1992 బెల్‌మాంట్ గెలిచి ఆ ఏటి మేటి గుర్రమైంది. టెర్లింగ్వా అనే కుమార్తెకు స్టార్మ్ కాట్ పుట్టింది. ఒక దశలో ఆ స్టార్మ్ కాట్‌తో ఒక్కసారి జతకట్టించడానికి అయిదు లక్షల డాలర్లు తీసుకొనేవారు. సీక్రెటేమ్ అనే కుమార్తెకు గాన్ వెస్ట్ పుట్టింది. 1992లో ఉత్తర అమెరికాలో తల్లులకు తండ్రులైన గుర్రాల పట్టికలో సెక్రటేరియట్ మొదటిది. దౌహిత్రుల వలన తాతకు కీర్తి!

అప్పటికి ఆ తాత లేడు. 1989 అక్టోబరు 4న గిట్టల లోపలి మెత్తని పొర వాచి కదలలేని వ్యాధి రాగా, నొప్పి భరించలేని స్థితిలో దానిని నొప్పి లేకుండా చంపవలసి వచ్చింది. కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ స్వెర్‌జెక్ దేహాన్ని పరీక్షించాడు. గుండె చూచి నిర్ఘాంతపోయాడట. జబ్బు లేదు, వాపు లేదు, ఆకారంలో లోపం లేదు, కేవలం పెద్దది. పందెపు గుర్రం గుండె సామాన్యంగా నాలుగు కిలోలలోపు. దీనిది పది కిలోలుంటుందని ఆయన అంచనా. ఇక్కడ ఆగండి. ఆ గుండెను తూచలేదు. తరువాత అదే స్వెర్‌జెక్ పరీక్షించిన షామ్ గుండెను మాత్రం తూచాడు, 18 పౌన్లు ఉన్నది, అంటే ఎనిమిది కిలోలకు పైన. దానిని చేతిలో పట్టుకొన్న అనుభవంతో మొదటిదానికి 22 పౌన్లని చెప్పాడు. నిపుణుడి అంచనాకు విలువ ఉన్నది, కాని అది కొలత కాదు. చాలా పుస్తకాలు ఈ తేడా చెప్పకుండా పది కిలోలని వ్రాసేస్తాయి.

దీనినుంచి ఒక ఊహ పుట్టింది. 1990లలో మరియానా హాన్ అనే రచయిత్రి దానిని ప్రచారంలోకి తెచ్చింది. పెద్ద గుండెకు కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోసోము మీద ఉన్నదని ఆ ఊహ. మగ గుర్రానికి ఒక ఎక్స్, ఒక వై. ఎక్స్ తల్లినుంచి వస్తుంది. తండ్రి తన ఎక్స్‌ను కుమార్తెలందరికీ ఇస్తాడు, కుమారులకు ఎప్పుడూ ఇవ్వడు, వారికి వై ఇస్తాడు. కాబట్టి సెక్రటేరియట్ గుండె కుమార్తెల ద్వారా దౌహిత్రులకు దిగిందనీ, కుమారులు అందుకే వట్టిపోయారనీ వాదం. వినడానికి ఎంత అందంగా అమరింది! దీనికి మరొక బలం కూడా ఉన్నది. సెక్రటేరియట్ తల్లికీ, షామ్ తల్లికీ తండ్రి ఒక్కడే, ప్రిన్స్‌క్విలో అనే గుర్రం. ప్రిన్స్‌క్విలో ఎక్స్ ఆ ఇద్దరు కుమార్తెలకూ చేరి ఉంటుంది.

అయితే రెండు గుండెలు, అందులో ఒకటి తూచనిది, సిద్ధాంతానికి చాలవు. ఎక్స్ మీద అలాంటి జన్యువును ఎవరూ చూపలేదు. ప్రయోగశాల లేకుండానే వంశవృక్షంతో చేయగల పరీక్ష కూడా ఒకటున్నది. 2018లో మూడు పందేలూ గెలిచిన జస్టిఫై అనే గుర్రాన్ని తీసుకొనండి. దాని తండ్రి స్కాట్ డాడీ, అతని తండ్రి జొహాన్స్‌బర్గ్, అతని తండ్రి హెన్నెసీ, అతని తండ్రి స్టార్మ్ కాట్, స్టార్మ్ కాట్ తల్లి టెర్లింగ్వా, ఆమె తండ్రి సెక్రటేరియట్. ఎక్స్ టెర్లింగ్వానుంచి స్టార్మ్ కాట్‌కు చేరి ఉండవచ్చు. అక్కడినుంచి? హెన్నెసీ కుమారుడు గనుక స్టార్మ్ కాట్ అతనికి వై ఇచ్చాడు, ఎక్స్ ఇవ్వలేదు. దారి అక్కడే తెగిపోయింది. స్టార్మ్ కాట్ కుమారులు పోతులుగా రాణించడానికి ఆ ఎక్స్ కారణం కాజాలదు. ఈ దారిలో ఏదైనా దిగి ఉంటే అది తక్కిన 31 జతలలోనుంచి దిగినది, సగటున అరవైనాలుగో వంతు.

మరి కుమార్తెలే ఎందుకు రాణించారు? మామూలు కారణమే చాలుననుకొంటాను. కుమారుడికి పోతుగా అవకాశం రావాలంటే ముందు పందేలలో నెగ్గాలి. అలా వచ్చినవి కొద్ది. కుమార్తె పరుగులో మందమైనా, తండ్రి పేరు చూచి దేశంలోని ఉత్తమ పోతుల వద్దకు పంపుతారు. అలాంటి తల్లులు వందల్లో ఉన్నాయి. ఎక్కువసార్లు ఎగురవేసిన నాణేనికి వరుసగా బొమ్మలు పడే అవకాశం ఎక్కువే గదా! వీకెండ్ సర్‌ప్రైజ్‌కు జతకట్టిన సియాటిల్ స్లూ స్వయంగా 1977లో మూడు పందేలూ గెలిచిన గుర్రం. పైగా అతని ముత్తాతా బోల్డ్ రూలరే. అంటే బోల్డ్ రూలర్ జన్యువులు ఎ.పి. ఇండీకి రెండు దారులలో వచ్చాయి. 

పరుగుకు సంబంధించి గట్టిగా దొరికిన జన్యువు ఒకటున్నది. 2010లో డబ్లిన్‌లోనే ఎమెలిన్ హిల్, ఆమె సహచరులు కండర పెరుగుదలను అదుపుచేసే మయోస్టాటిన్ జన్యువులో ఒక తేడా చూపారు. ఒక రూపం రెండు ప్రతులున్నవి పొట్టి దూరాలలో మేటి, రెండవ రూపం రెండు ప్రతులున్నవి దూరపు పరుగులో, ఒక్కొక్కటి ఉన్నవి మధ్య దూరాలలో. అది ఏ దూరం నప్పుతుందో చెప్తుంది, ఎవరు గెలుస్తారో చెప్పదు. ఆ జన్యువు ఎక్స్ మీద లేదు.

విద్యార్థులకు ఒక పని. వీకెండ్ సర్‌ప్రైజ్ రంగు గోధుమ, జూలు నల్లన. ఆమె తండ్రి రాగివన్నె. ఆమెలో చిన్న ఇ ఉన్నదా, లేదా? సియాటిల్ స్లూ ముదురు గోధుమరంగు, ఎ.పి. ఇండీ కూడా అంతే. ఎ.పి. ఇండీలో చిన్న ఇ తప్పక ఉండాలా? ఎ.పి. ఇండీ కుమారుడు పుల్‌పిట్, అతని కుమారుడు టాపిట్. ఈ వృక్షాన్ని నోటుపుస్తకంలో గీచి, సెక్రటేరియట్ ఎక్స్ ఏ పేరు దగ్గర ఆగిపోయిందో గుర్తుపెట్టండి.